క్వార్టర్ల ఊరు – వారసత్వపు లెక్క: ఖరగ్‌పూర్, మలంచా తెలుగువారి చరిత్ర

ఒకప్పటి సామాన్యశాస్త్ర పుస్తకాల్లో, పోటీ పరీక్షల ప్రశ్నల్లో ఖరగ్‌పూర్ అంటే ఒకే జవాబు: ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం. దాని పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో ఆ రికార్డును తీసుకుపోయింది. 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్నీ దాటింది. మీటర్లలో కొలిచిన కీర్తికి ఆయుర్దాయం అంతే. మరొక ఊరిలో మరికొంత సిమెంటు పోస్తే అది చెల్లిపోతుంది.

ఖరగ్‌పూర్‌కు అలా చెల్లిపోని చరిత్ర ఒకటి ఉంది. అది ప్లాట్‌ఫారం మీద కాక స్టేషను బయట, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నిమ్‌పురా క్వార్టర్ల వరసల్లోనూ, రైల్వే హద్దు దాటాక కార్మికులు కట్టుకున్న మలంచా వంటి పేటల్లోనూ ఉంది. ఆ చరిత్రలో తెలుగువారి వాటా చిన్నది కాదు. బెంగాల్ గడ్డ మీద తెలుగు బడి, తెలుగు గుడి, అమ్మవారి సంబరం, తెలుగు ఓటు అన్నీ ఒకచోట కనిపించే పట్టణం ఇది. ఇప్పుడు ఆ పట్టణపు పాత శరీరం శిథిలమవుతోంది. పాడుబడ్డ క్వార్టర్లను కూల్చాలని, ఖాళీ భూమిని వినియోగంలోకి తేవాలని, ఆక్రమణలను తొలగించాలని రైల్వే యంత్రాంగం అంటుంది. ఉండటానికి చోటు ఏదని బస్తీలు అడుగుతాయి. ఈ రెండు వాదాల నడుమ అడగవలసిన మూడో ప్రశ్నను మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదు. ఒక శాఖ తన ఉద్యోగుల కోసం కట్టిన ఊరిలో వారసత్వం ఎవరి ఆస్తి?

రైలు కన్న ఊరు

ఖరగ్‌పూర్ పేరు రైలుకంటే పాతది. ఇందా ప్రాంతంలోని ఖరగేశ్వర శివాలయంతోనూ, మల్లభూమి రాజు ఖడ్గమల్లుడితోనూ ఆ పేరును జోడించి చెప్పే ఐతిహ్యాలున్నాయి. కాని పట్టణంగా ఖరగ్‌పూర్‌ను కన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఈ కంపెనీ పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకు నాగపూర్ వైపు నుంచి వచ్చే దారిని, కటకం వైపు నుంచి వచ్చే దారిని మేదినీపూర్ జిల్లాలోని ఈ ఎర్రమట్టి మెరక మీద కలిపింది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నది మీద వంతెన తెరుచుకోవడంతో హౌరాకు దారి సుగమమైంది. 1904 నాటికి ఇక్కడి వర్క్‌షాపు పూర్తయింది. నేటికీ అది దేశంలోని పెద్ద రైల్వే వర్క్‌షాపుల్లో ఒకటి.

ఈ కూడలికి తెలుగువారు ఎందుకు వచ్చారో తెలియాలంటే పటాన్ని దక్షిణం వైపు చూడాలి. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరపు రైలుమార్గం 1893–96 మధ్య పడింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. అంటే వాల్తేరులో రైలెక్కినవాడు ఖరగ్‌పూర్‌లో దిగేదాకా ఒకే కంపెనీ పట్టాల మీద ప్రయాణించేవాడు. నాడు గంజాం, విశాఖపట్నం జిల్లాలు మద్రాసు రాజధానికి ఉత్తరపు కొస. వాననీటి మీద ఆధారపడిన సేద్యం, జమీందారీ శిస్తుల భారం, పదేపదే వచ్చే కరువులు ఆ జిల్లాల కూలిజనాన్ని ఊళ్ళు విడిచిపొమ్మన్నాయి. ఒక దారి సముద్రం మీదుగా రంగూన్ పోయేది. రెండో దారి రైలు మీద ఖరగ్‌పూర్ చేరేది.

ఆ రెండు దారుల గతులు తర్వాత వేరయ్యాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాను దండయాత్రతో బర్మా తెలుగువారు లక్షల భారతీయులతో పాటు కాలినడకన కొండలు దాటవలసివచ్చింది. ఖరగ్‌పూర్ వెళ్ళినవారికి ఆ గతి పట్టలేదు. వారు దేశంలోనే ఉన్నారు. జీతం, పాసు, క్వార్టరు ఉన్న కొలువులో కుదిరారు. ఖలాసీగా, గ్యాంగ్‌మన్‌గా, ఫైర్‌మన్‌గా, ఫిట్టరుగా చేరినవారి పిల్లలు అదే వర్క్‌షాపులో మళ్ళీ చేరారు. మూడు, నాలుగు తరాలు గడిచాయి. నేడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలుగా పిలుస్తున్న ప్రాంతంలో, ఖరగ్‌పూర్‌లో చుట్టమున్న ఇల్లు అరుదేమీ కాదు.

కొలువుతో కట్టేసిన కప్పు

రైల్వే కాలనీ ప్రణాళిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది. సూటైన రోడ్లు, వరసగా నాటిన చెట్లు, అంకెలు వేసిన ఇళ్ళు. కాని ఆ ప్రణాళికలోనే వలస పాలన సమాజం పటం ఉంది. అధికారులకు విశాలమైన ఆవరణల్లో బంగళాలు. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకు, గార్డులకు వేరే వరసలు. భారతీయ కార్మికులకు గోడ పంచుకునే ఇరుకు గదులు. వినోదానికి కట్టిన ఇన్‌స్టిట్యూట్లలో కూడా ఎవరిది ఏదన్న విభజన ఉండేది. మనిషి హోదా ఏమిటో అతని ఇంటి టైపు చెప్పేది.

ఈ ఏర్పాటులో అన్నిటికంటే ముఖ్యమైన షరతు గోడల మీద కనిపించదు. ఇల్లు ఉద్యోగానికి చెందుతుంది, మనిషికి కాదు. రిటైరైన రోజున గడువు లెక్క మొదలవుతుంది. తండ్రి ముప్పై అయిదేళ్ళు నివసించిన ఇంటి మీద కొడుక్కి హక్కు లేదు, అతనూ రైల్వేలో చేరి తన పేరిట ఇల్లు పొందితే తప్ప. ఒక ఊరంతా ఇలా అద్దెకు కూడా కాక, కొలువు ఉన్నంతవరకే అన్న నియమం మీద నిలబడితే, అక్కడ పుట్టినవారికి ఆ ఊరు సొంతూరు అవుతుందా?

అవుతుందని ఖరగ్‌పూర్ తెలుగువారు తమదైన పద్ధతిలో రుజువు చేశారు. రిటైరైనవారిలో కొందరు భవిష్యనిధి డబ్బుతో శ్రీకాకుళం వైపు మళ్ళారు. ఎందరో మళ్ళలేదు. రైల్వే భూమి హద్దు ముగిసిన చోట చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. మలంచా చరిత్రను ఈ వెలుగులో చదవాలి. క్వార్టరు ఇవ్వలేని శాశ్వతత్వాన్ని కార్మికుడు తన సొమ్ముతో కొనుక్కున్న చోటు అది. బాలాజీ గుడి వెలిసింది ఆ వైపే. ఎండాకాలం వస్తే తెలుగు పేటల్లో అమ్మవారి ఘటాలు ఊరేగుతాయి. బెంగాలీ పత్రికలు దానిని మాతాపూజ అని రాస్తాయి. దుర్గాపూజకు పేరుపడ్డ రాష్ట్రంలో, ఉత్తరాంధ్ర గ్రామదేవత తన పేరుతో తన వీధి సంపాదించుకుంది. ఏ వారసత్వ జాబితాలోనూ ఇది కనిపించదు.

సమ్మెల స్మృతి

ఖరగ్‌పూర్ వర్క్‌షాపు దేశ కార్మికోద్యమ చరిత్రలో ఒక అధ్యాయం. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించినవారిలో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయన అధ్యక్షుడు. 1927లో ఖరగ్‌పూర్ రెండుసార్లు కదిలింది. ఫిబ్రవరిలో మొదటి సమ్మె జరిగింది. సెప్టెంబరులో ఉద్యోగాల కోత మీద రగిలిన రెండో పోరాటం నెలల తరబడి, సంవత్సరాంతం దాకా నడిచింది. కంపెనీ వర్క్‌షాపు తలుపులు మూసింది. అదే ఏడు జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిన గిరికి ఖరగ్‌పూర్ గేటు బయటి ఆకలి పుస్తకాల్లో చదివిన విషయం కాదు.

ఇక్కడే చరిత్ర ఒక చేదు మలుపు తిరిగింది. 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. ఇరవై రోజుల్లో ప్రభుత్వం దానిని అణచివేసింది. వేలాదిమందిని అరెస్టు చేసింది, వేలాదిమందిని ఉద్యోగాల నుంచి తొలగించింది. దేశమంతటా రైల్వే కాలనీల్లో సమ్మె చేసినవారి కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్ళగొట్టింది. కొలువుతో కట్టేసిన కప్పు కార్మికుడి మీద ఆయుధంగా ఎలా మారగలదో ఆ మే నెల చూపింది. ఆ రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది 1927 సమ్మె నాయకుడు వి.వి. గిరే. పదవీకాలంలో చివరి నెలలవి. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయమై కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న మనిషి ఇరవై ఏళ్ళ తర్వాత రాష్ట్రపతి పదవికి రాజ్యాంగం విధించిన హద్దుల్లో ఉండిపోయాడు. ఆయన మీద తీర్పు చెప్పడం సులువు. అంతకంటే అవసరమైనది క్వార్టరు గోడకు రాజకీయ చరిత్ర ఉందని గుర్తించడం.

ఒక జైలు ఎలా బతికింది

ఖరగ్‌పూర్‌లో వారసత్వ సంరక్షణకు చక్కని ఉదాహరణ ఒకటి ఉంది. హిజ్లీ నిర్బంధ శిబిరం. ఏర్పడని ఒక జిల్లాకు కలెక్టరేటుగా ఉద్దేశించిన ఆ భవనంలో 1930లో రాజకీయ ఖైదీలను నిర్బంధించారు. 1931 సెప్టెంబరు 16న కాపలా పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్ర బోస్ వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో నిరసన గళం విప్పారు. యుద్ధకాలంలో అమెరికన్ బాంబర్ దళం ఇరవయ్యో కమాండ్ ఖరగ్‌పూర్‌ను కేంద్రంగా చేసుకుంది. 1951 ఆగస్టు 18న అదే హిజ్లీలో దేశపు తొలి ఐ.ఐ.టి.ని మౌలానా అబుల్ కలాం ఆజాద్ లాంఛనంగా ప్రారంభించారు. పాత జైలు నేడు హిజ్లీ షహీద్ భవన్. 1990 నుంచి అందులో నెహ్రూ పేరిట విజ్ఞానశాస్త్ర మ్యూజియం నడుస్తోంది.

ఆ భవనం నిలవడానికి కారణాలు మూడు. దానికి దేశమంతా ఒప్పుకునే కథ ఉంది. దానికి కొత్త వినియోగం దొరికింది. దాని యజమాని ఆ కథను తన గౌరవంగా భావించింది. క్వార్టర్ల వరసలకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. వాటి కథ తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ, పంజాబీ ఇళ్ళలో ముక్కలుగా చెదిరి ఉంది. వాటికి కొత్త వినియోగం ఎవరూ ఊహించలేదు. వాటి యజమానికి అవి పద్దుల్లో మరమ్మతు ఖర్చు మాత్రమే.

చట్టం గీసిన హద్దు

ఇది అలసత్వం మాత్రమే కాదు, అధికార నిర్మాణం. ఖరగ్‌పూర్ పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. కాని పట్టణపు గుండెకాయ లాంటి భూమి రైల్వేది. రాజ్యాంగం 285వ అధికరణం కేంద్ర ఆస్తులకు రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయింపు ఇచ్చింది. 1989 రైల్వే చట్టం 11వ సెక్షను, ఇతర చట్టాలు ఏం చెప్పినా తన అవసరాలకు నిర్మాణాలు చేసుకునే అధికారాన్ని రైల్వేకు ఇచ్చింది. 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం, అనధికారంగా ఉంటున్నవారిని తొలగించే అధికారాన్ని ఎస్టేటు అధికారి చేతిలో పెట్టింది. 2005 సవరణ ద్వారా పుట్టిన రైల్వే భూమి అభివృద్ధి సంస్థ పని, రైళ్ళకు అక్కరలేని భూమి నుంచి ఆదాయం రాబట్టడం. మరోవైపు పశ్చిమ బెంగాల్ 2001లో వారసత్వ కమిషన్ చట్టం చేసుకుంది. కాని కేంద్ర శాఖ హద్దు రాయి దాటి ఆ కమిషన్ మాట చెల్లాలంటే ఆజ్ఞ కంటే ఒప్పందం అవసరం. కేంద్రంలో ఒక పార్టీ, రాష్ట్రంలో మరొక పార్టీ ఉన్నప్పుడు ఆ ఒప్పందం ఎంత కష్టమో రాజకీయాలు గమనించేవారికి చెప్పనక్కరలేదు.

ఖరగ్‌పూర్ ఎన్నికల చరిత్ర ఈ కష్టానికి అద్దం. కాంగ్రెస్ తరఫున పదిసార్లు గెలిచి, అందరికీ ‘చాచా’ అయిన జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్‌ను 2016లో బీజేపీ నాయకుడు దిలీప్ ఘోష్ ఓడించారు. 2019 ఉప ఎన్నికలో తృణమూల్ గెలిచింది. 2021లో సీటు మళ్ళీ బీజేపీకి చేరింది. ఆ ఎన్నికకు కొద్ది నెలల ముందు, 2020 డిసెంబరులో, తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. దశాబ్దాల డిమాండు అది. ఆ నిర్ణయాన్ని స్వాగతించవలసిందే. కాని భాష గెజిట్‌లో బతకదు. బడిలో, అంగడిలో, గుడి ముంగిట, వీధి అరుగు మీద బతుకుతుంది. వీధి చెదిరితే, మాట్లాడుకునే మనుషులు నాలుగు దిక్కులకు పోతే, హోదా పత్రం మాత్రం మిగులుతుంది. తెలుగు ఓటు కోసం వచ్చిన పార్టీల్లో ఏదైనా తెలుగు కార్మికుడు కట్టిన ఊరి గురించి లిఖితంగా మాట ఇచ్చిందా అన్నది అడగదగ్గ ప్రశ్న. పాత ఇనుము వేలాల చుట్టూ పెరిగిన ముఠాల తగాదాల వార్తల్లో తెలుగు పేర్లు చూసి ఖరగ్‌పూర్ తెలుగువారిని అంచనా వేసిన బయటి లోకానికి కూడా ఈ చరిత్ర తెలియాలి.

కూల్చక తప్పనిదీ, కూల్చకూడనిదీ

రైల్వే వాదనలో నిజం ఉంది. నూరేళ్ళు దాటిన ఇరుకు గదులను యథాతథంగా నిలపాలనడం, అందులో ఉండని వారి భావుకత. కురిసే కప్పు కింద కాపురం చేసే గ్యాంగ్‌మన్ భార్యకు కావలసింది స్మారక ఫలకం కాదు, నీళ్ళు వచ్చే కుళాయి, గాలి ఆడే గది. భద్రత లేని కట్టడాన్ని ఖాళీ చేయించడం యజమాని బాధ్యత కూడా. రైళ్ళు పెరిగినప్పుడు యార్డుకు, స్టేషనుకు చోటు కావాలి. వారసత్వం పేరిట ఆ అవసరాలను కాదనడం న్యాయం కాదు.

అయితే కూల్చివేత అనివార్యమన్న మాటను ప్రతిచోటా అడ్డుగా వాడుకోవడమూ తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2025 ఆరంభంలో సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభవనాన్ని పునర్నిర్మాణంలో భాగంగా నేలమట్టం చేశారు. నగరానికి గుర్తుగా నిలిచిన ఆ ముఖద్వారం మీద చర్చ పొక్లెయిన్లు వచ్చాక జరిగింది. అందుకు భిన్నంగా, ఎర్రమంజిల్ కూల్చి శాసనసభ కట్టాలన్న తెలంగాణ మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. అక్కడ పౌరులు ముందుగా కదిలారు, భవనం వారసత్వ జాబితాలో నమోదై ఉంది, వాదించడానికి నియమాలున్నాయి. తేడా భవనాల గొప్పదనంలో లేదు, ముందుగా తయారైన కాగితంలో ఉంది. ఖరగ్‌పూర్ కార్మిక వాడలకు అలాంటి కాగితమే లేదు.

మనుషుల విషయంలోనూ దారి ఒకటి కనిపిస్తోంది. హల్ద్వానీలో రైల్వే భూమి నుంచి వేలాది కుటుంబాలను ఏడు రోజుల్లో తొలగించాలన్న ఆదేశాన్ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2024 జూలైలో పునరావాస ప్రణాళిక తయారు చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు, రైల్వేకు సూచించింది. రైల్వేకు భూమి అవసరమన్నది కోర్టు కాదనలేదు. దశాబ్దాలుగా ఉంటున్న మనుషులను లెక్కలోకి తీసుకోకుండా ఆ అవసరం తీర్చుకోవడం కుదరదని గుర్తుచేసింది. ఖరగ్‌పూర్ బస్తీలకూ ఈ న్యాయం వర్తించాలి.

చేయగలిగినవి అసాధ్యమైనవి కావు. ఏ వరసనైనా కూల్చేముందు దాని కొలతలు, పటాలు, ఛాయాచిత్రాలు నమోదు చేయవచ్చు. ప్రతి టైపు క్వార్టరులో ఒక్క వరసనైనా నిలిపి, బాగుచేసి, బడికో గ్రంథాలయానికో ఆరోగ్య కేంద్రానికో ఇవ్వవచ్చు. హిజ్లీ జైలు మ్యూజియం కాగలిగినప్పుడు ఖలాసీల వరస గ్రంథాలయం కాలేదా? వర్క్‌షాపు పాత సిబ్బంది రిజిస్టర్లు చెదలపాలు కాకముందే భద్రపరచాలి. ఏ తాలూకా నుంచి ఏ ఏడు ఎవరు వచ్చారో చెప్పగల ఆధారాల్లో అవి ముఖ్యమైనవి. పట్టణ చరిత్ర, వాస్తుశాస్త్రం తెలిసినవారికి కొదవలేని ఐ.ఐ.టి. అదే ఊళ్ళో ఉంది. రైల్వే, పురపాలక సంఘం, వారసత్వ కమిషన్ ఒకే బల్ల దగ్గర కూర్చునే సంఘం ఒకటి ఏర్పడాలి. అందులో రిటైరైన కార్మికులకు, తెలుగుతో సహా పట్టణ భాషాసమాజాలకు చోటుండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఇందులో పాత్ర ఉంది. ప్రవాసాంధ్రులంటే అమెరికా, గల్ఫ్ మాత్రమే కాదని, ఉత్తరాంధ్ర తొలి పారిశ్రామిక వలసల్లో ఒకటి రాత్రి రైలు దూరంలోనే ఉందని అది గుర్తించాలి.

అన్నిటికంటే ముందు ఆ సమాజమే చేయవలసిన పని ఉంది. మలంచాలో, నిమ్‌పురాలో, మథురాకాటిలో ఆవిరి ఇంజన్ల కాలం చూసిన తరం ఇంకా ఉంది. 1974 మే నెలలో సామాను వీధిలో పెట్టుకుని కూర్చున్నవారు ఉన్నారేమో వెతకాలి. తాత ఏ స్టేషనులో రైలెక్కాడు, మొదటి జీతం ఎంత, మలంచాలో స్థలం ఎంతకు కొన్నాడు అన్న మాటలు వారితోనే పోతున్నాయి. వాటిని రాసుకోవడానికి రైల్వే బోర్డు అనుమతి అక్కరలేదు, రాష్ట్ర మంత్రివర్గ తీర్మానం అక్కరలేదు. కూల్చివేతకు గుర్తుగా క్వార్టరు గోడ మీద అంకె పడేనాటికి ఆ ఇంటి చరిత్ర ఎక్కడో ఒకచోట రాసి ఉంటే, కనీసం అడగడానికి ఆధారం ఉంటుంది.